అట్ట మాత్రం సొంతం!

అమీర్‌పేటలో బీటెక్ ప్రాజెక్టు రెడీమేడ్‌గా దొరుకుతుంది: కోడు, రిపోర్టు, పీపీటీ, వైవా జవాబులతో సహా. ప్రిన్సిపాల్‌కు కృతజ్ఞతల పేజీ కూడా అందులోనే! కొన్న కుర్రాడు అందులో తన పేరు పెట్టుకుంటాడు గానీ, పక్క కాలేజీ ప్రిన్సిపాల్ పేరు మార్చడం మరిచిపోతాడు. గైడుగారు సంతకం పెట్టేస్తారు. చదివితే కదా!

థీసిస్‌లో కాపీ 60 శాతం దాటితే రిజిస్ట్రేషనే రద్దని 2018లో యూజీసీ కొరడా తీసింది. భేష్. కాకపోతే అసైన్‌మెంట్లు, ప్రాజెక్టు రిపోర్టులు, కోర్సువర్కు ఈ లెక్కలోకి రావని ఆ నిబంధనల్లోనే రాసుంది. అంటే నాలుగేళ్లు ఎత్తిరాతలో ఆరితేరినవాడు పీహెచ్‌డీలో చేరిన మర్నాటి నుంచి సొంతంగా రాయాలన్నమాట. ‘ఇది ఫలానావారి పుస్తకంలోది’ అని ఒక్క ముక్క రాయడం ఎలాగో అప్పటిదాకా ఎవరూ నేర్పకుండానే!