అద్దం అటు తిప్పండి, అల్లుడుగారూ!

ఎల్ అండ్ టీ చైర్మన్ సుబ్రహ్మణ్యన్ గారి ప్రశ్న సరిగ్గా భోగికి ముందు కొవ్వూరు చేరింది. ఇంట్లో కూర్చుని ఏం చేస్తారు, భార్య ముఖం ఎంతసేపని చూస్తారు, ఆఫీసుకొచ్చి పని చూడండి అన్నారాయన. వారానికి తొంభై గంటలు. మీచేత ఆదివారాలు చేయించలేకపోతున్నానే అని విచారం కూడా వెలిబుచ్చారు. ఆయన విచారం ఆయనిష్టం. కానీ ఏ వారంలో ఏం అడుగుతున్నామో చూసుకోవద్దూ? గోదావరి గట్టున సంక్రాంతి అంటే కొత్త అల్లుళ్ల వారం. నెలన్నర కిందట పెళ్లయిన కుర్రాడు అత్తవారి అరుగు మీద అరిసెల పళ్లెం ముందేసుకుని, పదిమంది ఎదుటా, ఏ మొహమాటమూ లేకుండా భార్య ముఖం చూస్తూ కూర్చోగలిగే వారం జీవితంలో అదొక్కటే. అప్పుడా అడిగేది?

మా వీధిలో ఓ అత్తగారు ఆ వార్త అల్లుడిచేత చదివించుకుని విని, "పాపం, ఆయనకి ఇంట్లో ఏదైనా ఇబ్బందేమోనండీ" అని జాలిపడింది.

ఆ ఇంట్లో నడుస్తున్న తగాదా వేరు. పండగ వెళ్లాక కొత్త జంట బుల్లెట్టు మీద హనీమూన్‌కి బయల్దేరుతానంటోంది. కొవ్వూరు నుంచి విజయవాడ, అక్కణ్ణుంచి నల్లమల, కర్నూలు మీదుగా బెంగళూరు, మైసూరు, బందీపూర్, ముదుమలై, ఆఖరికి ఊటీ. మామగారు "కారుంది కదండీ, కారు పట్టుకెళ్లండి" అంటారు. అత్తగారికి ఏనుగుల భయం. బామ్మగారికి చలిగాలి భయం. ఇన్నాళ్లూ నేనూ కారు పక్షమే. చైర్మన్ గారి మాట విన్నాక బుల్లెట్టు పక్షంలోకి దూకాను. ఆయన మనసు నొప్పించకుండా చేసుకోగల హనీమూన్ ఈ భూమ్మీద అదొక్కటే.

ఎలాగంటారా? ఆయన అభ్యంతరమల్లా ముఖం మీద కదా. పాపికొండల లాంచీలో నాలుగు గంటలు కూర్చుంటే కొండలెంతసేపు చూస్తారు, చివరికి ముఖమే చూడాల్సొస్తుంది. అరకు రైల్లో ఎదురెదురు సీట్లు. కారులో పక్కపక్క సీట్లు, టోల్‌గేటు దగ్గర మెడ తిప్పితే చాలు, దేశం నష్టపోతుంది. బుల్లెట్టు మీద ఆ బెంగ లేదు. మొగుడు ముందు, పెళ్లాం వెనక. వెయ్యి కిలోమీటర్లు పోయినా ఆయనకి కనిపించేది లారీ వెనక రాసిన సూక్తి. ఆవిడకి కనిపించేది ఆయన హెల్మెట్టు మీది ఐఎస్‌ఐ ముద్ర. జాతి ఉత్పాదకతకి ఇంతకంటే భద్రమైన ప్రయాణం ఎవరు కనిపెట్టగలరు?

చట్టం కూడా మన పక్షమే. 1989 నాటి కేంద్ర మోటారు వాహనాల నిబంధనల్లో 123వ నంబరు చదవండి. వెనక కూర్చున్నవారు పట్టుకోడానికి బండికి హ్యాండ్‌గ్రిప్ ఉండాలి, కాళ్లకి ఫుట్‌రెస్ట్ ఉండాలి, చీర చుట్టుకోకుండా వెనక చక్రానికి సగానికి తగ్గకుండా అడ్డు ఉండాలి. అంటే ఆవిడ మొగుడి భుజం పట్టుకోనక్కర్లేదని ఢిల్లీవారు ముప్పై అయిదేళ్ల కిందటే తేల్చేశారు. చైర్మన్ గారు ఆలస్యంగా వచ్చారు.

ఇక మిగిలిన లొసుగు ఒక్కటే, అద్దం. ఎడంపక్క అద్దంలో వెనక వచ్చే లారీతోపాటు ఆవిడ ముఖం కూడా ఓ మూల పడుతుంది. అద్దం అటు తిప్పండి, అల్లుడుగారూ! లారీ కనబడాలి, ఆవిడ కనబడకూడదు. రెండు హెల్మెట్లకీ బ్లూటూత్ పెట్టించారట, మాట్లాడుకోడానికి. ఆ బ్లూటూత్‌ని మేనేజరుగారి ఫోనుకి కలిపేస్తే ఇద్దరి ప్రయాణమూ ముగ్గురిదవుతుంది, గంటలు కూడా లెక్కకొస్తాయి.

మన పెద్దవాళ్లకి ఈ దూరదృష్టి లేకపోయింది. మన పెళ్లంతా ముఖం చూడ్డం కోసమే పెట్టుకున్న తంతు. జీలకర్రా బెల్లం నెత్తిన పెట్టించి, మధ్యనున్న తెర దించి, వీళ్లిద్దరూ ఒకర్నొకరు చూసుకునే క్షణానికి అర్ధరాత్రో అపరాత్రో పంతులుగారు నిమిషాలతో సహా ముహూర్తం కడతారు. ఊళ్లోవాళ్లందరూ నిద్ర కాచుకుని ఆ చూపు కోసం అక్షింతలు పట్టుకుని కూర్చుంటారు. ఆ తెర దించకపోతే సరిపోయేది. పెద్దలు తరవాత నాలిక కరుచుకుని అరుంధతిని చూడమంటూ ఇద్దరి ముఖాలూ ఆకాశానికి తిప్పారు గానీ అప్పటికే జరగాల్సింది జరిగిపోయింది. ఆషాఢంలో కొత్త దంపతుల్ని విడదీయడం మాత్రం అచ్చంగా హెచ్‌ఆర్ విభాగం చేయాల్సిన పని. తొలకరి రోజులు, కుర్రాడు పొలంలో ఉండాలి, అత్తారింటి గుమ్మంలో కాదు. ఏడాదికి ఒక నెల చాలనుకున్నారు వాళ్లు. సుబ్రహ్మణ్యన్ గారికి పన్నెండూ ఆషాఢాలే కావాలి.

అల్లుడుగారు సాఫ్ట్‌వేరు మనిషి కాబట్టి లెక్క కూడా వేయించాను. వారానికి 168 గంటలు. 90 కంపెనీకి. రోజుకి ఎనిమిది చొప్పున 56 నిద్రకి. స్నానం, భోజనం, హైదరాబాద్ ట్రాఫిక్ అన్నీ కలిపి రోజుకి మూడే అనుకున్నా 21. మిగిలింది వారానికి ఒక్క గంట. ఇటు ముఖ్యమంత్రిగారేమో ఎక్కువమంది పిల్లల్ని కనమంటున్నారు. దానికోసం స్థానిక ఎన్నికల్లో ఇద్దరు పిల్లల నిబంధన కూడా ఎత్తేశారు. ఆ ఒక్క గంట ముఖ్యమంత్రిగారికివ్వాలా, గ్యాస్ బుక్ చేసుకోడానికి వాడుకోవాలా? అల్లుడుగారు కాలిక్యులేటరు మూసేశారు.

సరే, అడవిలోకి వెళ్దాం. దోర్నాల నుంచి ఆత్మకూరు ఘాట్ ఎక్కితే దేశంలోకెల్లా పెద్ద పులుల అభయారణ్యం. పులి మన చైర్మన్ గారికి నచ్చవలసిన జంతువు. మగపులి ఒంటరిగా తిరుగుతుంది. ఆడపులి ముఖం ఏడాదిలో ఏ నాలుగు రోజులో చూస్తుంది, తన దారిన తను పోతుంది. సంసారం, పండగలు, బావమరుదులు ఏమీ లేవు. ఒకటే లోపం, రోజులో సగానికి పైగా పడుకుంటుంది. అప్రైజల్‌లో అక్కడ పట్టుకుంటారు.

ఏనుగుని మాత్రం ఉద్యోగంలోకి తీసుకోరు. గుంపుకి పెద్దావిడ నాయకురాలు, అక్కలూ చెల్లెళ్లూ పిల్లలూ ఎప్పుడూ ఒకరినొకరు ఒరుసుకునే నడుస్తారు. ముఖాలు చూసుకోవడం తప్ప ఆ గుంపుకి వేరే అజెండా ఉన్నట్టు కనబడదు. బందీపూర్ రోడ్డు మీద బండి ఆపకూడదు, దిగకూడదు. ఆపితే జరిమానా. అయినా జనం ఆపుతారు. ఎంతసేపని ఏనుగు ముఖం చూస్తారు? గేరు మార్చండి, ఆఫీసుకి పదండి.

పడమటి కనుమల్లో హార్న్‌బిల్ అని పెద్ద ముక్కు పిట్ట ఉంది. గుడ్లు పెట్టేముందు ఆడపిట్ట చెట్టు తొర్రలో కూర్చుని ద్వారం మూసేసుకుంటుంది, ముక్కు పట్టేంత సందు వదిలి. ఇక నెలల తరబడి మగపిట్ట పళ్లు ఏరుకొచ్చి ఆ సందులోంచి అందించాలి. భార్య ముఖం లేదు, ముక్కే. వారాంతం లేదు. ఎల్ అండ్ టీ గుర్తుని మార్చే ఆలోచన ఉంటే నేను ఈ పిట్టని సిఫారసు చేస్తాను. కాకపోతే ఒక సంగతి దాచకూడదు. అది చేస్తున్న ఓవర్‌టైమంతా ఆ తొర్రలో కూర్చున్నదాని కోసమే.

మసినగుడి నుంచి ఊటీకి కల్లట్టి ఘాట్. ముప్పయ్యారు హెయిర్‌పిన్ మలుపులు, ఒక్కోదానికీ నంబరు బోర్డు. అక్కడ ఆవిడ హ్యాండ్‌గ్రిప్ వదిలేసి మొగుణ్ణి పట్టుకుంటుంది, నిబంధన 123 ఏమన్నా సరే. అయినా ముఖం కనబడదు కాబట్టి క్షమిద్దాం.

అసలు చిక్కు ఘాట్‌లో లేదు, గుండ్లుపేటలో ఉంది. రాత్రి తొమ్మిదయితే బందీపూర్ గేటు వేసేస్తారు. మళ్లీ తీసేది పొద్దున ఆరుకి. ఆలస్యంగా చేరారో, లాడ్జిలో దిగాలి. తొమ్మిది గంటలు. హెల్మెట్లు తీయాలి. ఎదురెదురుగా కూర్చోవాలి. ప్రభుత్వమే దగ్గరుండి ముఖాలు చూపిస్తోందన్నమాట.

ఈ గేటు కథ అల్లుడుగారికి తెలియదు గానీ చెప్పుకోదగ్గది. 2009లో వేశారు. రాత్రిపూట బళ్ల కింద పడి జంతువులు చచ్చిపోతున్నాయనీ, బతికినవాటికి తిరుగాడే వీలు లేకుండా పోతోందనీ. మరుసటేడు కర్ణాటక హైకోర్టు సమర్థించింది. వ్యాపారాలు పోతాయన్నారు, కూరగాయలు కుళ్లిపోతాయన్నారు, కేరళ నుంచి ఒత్తిడి తెచ్చారు. గేటు మాత్రం రాత్రి తొమ్మిదికి పడుతూనే ఉంది. దోర్నాల ఘాట్‌లోనూ అంతే. పులికీ జింకకీ రోజుకి తొమ్మిది గంటలు నీ జోలికి ఎవరూ రారని ఈ దేశం రాసిచ్చింది.

మనిషికి రాసివ్వలేదు. పని గంటలు అయ్యాక ఆఫీసు ఫోను ఎత్తకుండా ఉండే హక్కు కావాలని సుప్రియా సూలే 2018లో లోక్‌సభలో ప్రైవేటు బిల్లు పెట్టారు. అది అక్కడే ఉండిపోయింది. మా వీధి అల్లుడికి అర్ధరాత్రి పన్నెండున్నరకి ఫోనొస్తే ఆపే గేటు ఈ దేశంలో ఎక్కడా లేదు.

ఇంట్లో కూర్చుని ఏం చేస్తారు అని అడిగారే చైర్మన్ గారూ, ఆ ప్రశ్నకి జవాబు ప్రభుత్వం దగ్గరే ఉంది. 2019లో చేసిన కాల వినియోగ సర్వేలో ఇంటి చాకిరీ చేసే ఆడవాళ్లు దానికి రోజుకి 299 నిమిషాలు పెడుతున్నారని తేలింది. మగవాళ్లు 97. అయిదు గంటలు జీతం లేకుండా పనిచేసే ఆవిడకి మొగుడి ముఖం చూస్తూ కూర్చునే తీరిక ఎక్కణ్ణుంచి వస్తుంది? మీరు తొంభై గంటలు తీసుకుంటే, మీ ఉద్యోగి ఇంట్లో చేయాల్సిన ఆ కాస్త పనీ ఆవిడ నెత్తినే పడుతుంది. మీ తొంభైలో సగం ఆవిడ చేస్తోంది, మీ జీతాల పట్టీలో పేరు లేకుండా. మా జిల్లాల నుంచి కువైట్ వెళ్లి పరాయి ఇళ్లలో అంట్లు తోముతున్న ఆడవాళ్లున్నారు. మొగుడి ముఖం, పిల్లల ముఖం ఫోనులో చూసుకుని ఏళ్లు గడిపేవాళ్లు. వాళ్లున్న ఊళ్లో అడగండి ఆ ప్రశ్న, భార్య ముఖం ఎంతసేపు చూస్తారని.

మీకు 2023-24లో కంపెనీ ఇచ్చింది 51 కోట్ల రూపాయలు. మీ ఉద్యోగుల మధ్యస్థ జీతానికి 534 రెట్లు. ఆ డబ్బుకి మీరు ఆదివారం పనిచేయడం త్యాగం కాదు. అందులో అయిదొందల ముప్పై నాలుగో వంతు తీసుకునేవాణ్ణి అదే పని చేయమనడం మాత్రం దౌర్జన్యం. మీ కంపెనీ పేరులోని లార్సెనూ టూబ్రో డెన్మార్క్ నుంచి వచ్చినవాళ్లు, 1938లో బొంబాయిలో కొట్టు తెరిచారు. వాళ్ల దేశంలో ఇవాళ ఉద్యోగి పని వారానికి 37 గంటలు. ఆ దేశం ఏమీ మునిగిపోలేదు.

గంటలు పెంచితే జాతి నిర్మాణం జరుగుతుందని గోదావరి ఒడ్డువాళ్లకి చెప్పకండి. ధవళేశ్వరం ఆనకట్ట పని 1847లో మొదలుపెట్టిన కాటన్ దొర, మరుసటేడు ఆరోగ్యం పాడై సెలవు పెట్టి ఆస్ట్రేలియా వెళ్లిపోయాడు. 1850లో వచ్చాడు. ఈలోగా కెప్టెన్ ఓర్ పని చూసుకున్నాడు. 1852కి ఆనకట్ట పూర్తయింది, డెల్టా అన్నం తింటోంది. ఇదే గోదావరి మీద ఎగువన మేడిగడ్డ బరాజ్ కట్టింది మీ కంపెనీ. 2023 అక్టోబర్ 21న పియర్లు కుంగాయి. తప్పెవరిదన్న విచారణ సంగతి అటుంచండి. కుంగింది మాత్రం శనివారం నాడు. ఎందుకు రావాలని మీ ఉద్యోగులు అడిగితే, ఆదివారాలు కూడా చేయించలేకపోతున్నానే అని మీరు విచారించిన శనివారం.

చదివేవాళ్లకి ఒక్క మాట. 1948 ఫ్యాక్టరీల చట్టం 2025 నవంబర్ దాకా అమల్లో ఉండేది. వారానికి 48 గంటలు దాటి చేయించుకున్న ప్రతి గంటకీ కార్మికుడికి రెట్టింపు కూలి ఇవ్వాలని అందులో 59వ సెక్షన్ చెప్పింది. మీరు ఫ్యాక్టరీలో ఉన్నా, గాజు మేడలో ఉన్నా, తొంభై గంటలు అడిగినవాణ్ణి మిగతా నలభై రెండు గంటల లెక్కా కాగితం మీద రాసి, సంతకం పెట్టి ఇమ్మనండి.