చెక్కుబందీలో లేని దావ

కాలజ్ఞానం చెప్పిన స్వామి జీవసమాధి అయిన ఊరు కదా, బ్రహ్మంగారిమఠంలో ఇల్లు కొనేవాడికి రేపేం జరుగుతుందో కాస్తయినా తెలుస్తుందనుకుంటాం. తెలియదు. ఈసీ (ఎన్‌కంబరెన్స్ సర్టిఫికెట్) తీస్తే రిజిస్టరైన లావాదేవీలే కనబడతాయి. చెక్కుబందీ చదివితే నాలుగు దిక్కులా ఎవరున్నారో తెలుస్తుంది గానీ, మధ్యలోంచి రోజూ ఎవరు నడుస్తున్నారో తెలియదు.

గృహప్రవేశం నాడు పాలు పొంగుతుండగానే పక్కింటాయన బర్రెను తోలుకొని పెరట్లోంచి పోతాడు. 'ఇదేందన్నా?' అంటే, 'మా జేజినాయన కాలంనుంచి ఇదే దావ' అంటాడు.

1882 నాటి ఈజ్‌మెంట్ల చట్టం గమ్మత్తు చూడండి. మర్యాదగా మీ అనుమతి అడిగి నడిచినవాడికి ఎన్నేళ్లయినా దారి హక్కు పుట్టదు. అడక్కుండా, దాక్కోకుండా, గొడవ లేకుండా, తన హక్కన్నట్టే 20 ఏళ్లు ఏకధాటిగా నడిచినవాడికి పుడుతుంది. మర్యాదస్తులు గమనించగలరు! ఇల్లు చేతులు మారినా ఆ హక్కు పోదు.

పోనీ అమ్మినాయన్ను నిలదీద్దామా? 'కండ్లెదుట కనబడే దావ గూడా నేనే చెప్పాల్నా?' అంటాడు. చట్టమూ ఇంచుమించు ఆయన వైపే. కొనేవాడు మామూలు జాగ్రత్తతో కనిపెట్టలేని లోపాన్నే అమ్మేవాడు చెప్పి తీరాలట. ఇక గోడ కడితే కోర్టు, కట్టకపోతే బర్రె.

ఈశాన్యం పెరిగిందా తగ్గిందా అని టేపు పట్టుకు తిరిగే అన్నలారా, అడ్వాన్సు ఇచ్చేముందు పశువులు తోలే వేళకు ఒకసారి ఆ పెరట్లో నిలబడండి. పక్కింటాయన్ను పలకరించి, దావ సంగతి కాగితం మీద రాయించుకోండి.