మైనస్ 412 కిలోల కందిపప్పు

కిరాణా కొట్టుకి బిల్లింగ్ సాఫ్ట్‌వేర్ ఎవరు కొంటారనుకుంటున్నారు? కొట్టాయన మాత్రం కాదు. డల్లాస్‌లో ఉన్న వాళ్లబ్బాయి. నాన్న డెబ్భై దాటినా ఇంకా సిగరెట్ పెట్టె వెనక కూడికలు వేస్తున్నాడని అక్కడ బాధపడి, దసరాకి పంచెల చాపు బదులు ఆన్‌లైన్లో లైసెన్సు కొనేస్తాడు. దాన్ని తెనాలిలోనో నరసరావుపేటలోనో గల్లాపెట్టె పక్కన దింపే బాధ్యత నాది. విజిటింగ్ కార్డులో ఇంప్లిమెంటేషన్ స్పెషలిస్ట్‌ని. కొట్లో కంప్యూటరబ్బాయిని. తల సగం తెల్లబడినా అబ్బాయినే. పనిలో పనిగా సీసీ కెమెరా ఎందుకు కనపడట్లేదో చూసేదీ, వాళ్లావిడ ఫోన్లో పాత ఫొటోలు వెతికిపెట్టేదీ నేనే. దానికి వేరే ఛార్జీ లేదు. టీ ఇస్తారు.

అబ్బాయికి రోజువారీ అమ్మకాలు ఫోన్లో గ్రాఫుగా కనపడాలి. షావుకారు గారికి గుమాస్తా చేతివాటం కనపడాలి. ఆడిటర్ గారికి నెలనెలా 11లోగా ఒక జీఎస్టీ రిటర్నుకీ, 20లోగా ఇంకో రిటర్నుకీ లెక్కలు తేలాలి. గుమాస్తాకి ఆ కంప్యూటరే కనపడకుండా పోవాలి. బిల్లు కొట్టడానికి కావాలని అడిగినవాడు నా సర్వీసులో ఇంతవరకు తగల్లేదు.

మా సాఫ్ట్‌వేర్ రాసినవాళ్లు సూపర్‌మార్కెట్‌ని చూసి రాశారు. ప్రతి వస్తువుకీ ఒక పేరు, ఒక బార్‌కోడ్, ఒక ధర ఉంటాయని వాళ్ల నమ్మకం. 890తో మొదలయ్యే ఆ గీతలు సబ్బు మీద ఉంటాయి, బిస్కెట్ మీద ఉంటాయి. గోనెసంచిలో ఎండుమిరపకాయల మీద ఉండవు. పైగా కొనేవాళ్లు కిలోల్లో అడగరు. పది రూపాయల జీలకర్ర, ఇరవై రూపాయల చింతపండు అంటారు. స్క్రీను మాత్రం ముందు తూకం చెప్పమని మొండికేస్తుంది. ఆ చింతపండు ఆరితే బరువు తగ్గుతుంది, బెల్లం కారితే తగ్గుతుంది. ఈ తరుగు ఎంతో షావుకారు గారు సంచీ వైపు ఒక్క చూపు చూసి చెప్పేస్తారు. కంప్యూటర్‌కి చూపు లేదు.

ధర సంగతైతే చెప్పనే అక్కర్లేదు. "ధనియాలు కిలో ఎంతకమ్ముతారండీ?" అని అడిగాను, ఎక్కిద్దామని.

"ఎవరికి?" అన్నారాయన.

సాఫ్ట్‌వేర్లో మూడు ధరల పట్టీలు పెట్టుకోవచ్చు. ఆయన బుర్రలో ఊళ్లో ఎన్ని గడపలున్నాయో అన్ని పట్టీలున్నాయి. అరువు పుస్తకంలో పేర్లు కూడా అలాగే ఉంటాయి: మేడమీద టీచరమ్మ, ఎర్ర స్కూటరాయన, పాల సుబ్బారావు, పాత సుబ్బారావు. ఫోన్ నంబరు లేనిదే ఖాతా తెరవనంటుంది సాఫ్ట్‌వేర్. గుమాస్తా తాపీగా పది తొమ్మిదులు కొడతాడు. నేను చూసిన ప్రతి కొట్లోనూ అందరికంటే పెద్ద బాకీ ఆ పది తొమ్మిదుల మనిషిదే.

ఇక కందిపప్పు. ఓ కొట్లో ఆడిటర్ గారు స్టాకు రిపోర్టు తీయిస్తే కందిపప్పు మైనస్ 412 కిలోలని వచ్చింది. నాకు కబురొచ్చింది. "నీ కంప్యూటర్‌కి కళ్లు పోయాయా అబ్బాయ్, ఎదురుగా బస్తాలు కనపడుతుంటేనూ" అన్నారు షావుకారు గారు. తవ్వి చూస్తే, కొన్నప్పుడు మధ్యలో ఖాళీ ఇచ్చి కంది పప్పు అని ఎక్కించారు. అమ్మేటప్పుడు కలిపి కందిపప్పు అన్నారు. అల్లుడు గారు కూర్చున్న రోజున తూర్ దాల్ అన్నారు. మనకి ఒకటే గానీ, కంప్యూటర్ దృష్టిలో ఆ మూడింటికీ చుట్టరికమే లేదు.

సరే, మూడూ కలిపేసినా మైనస్ పూర్తిగా పోలేదు. ఎందుకంటే కొన్ని బస్తాలు రాత్రి పది దాటాక వచ్చాయి, వాటి వెంట బిల్లు రాలేదు. రాని బిల్లుని ఎవరెక్కిస్తారు? పొద్దున అమ్మేటప్పుడు మాత్రం గుమాస్తా అలవాటు కొద్దీ బిల్లు కొట్టేశాడు. వెనక తలుపులోంచి వచ్చి ముందు తలుపులోంచి వెళ్లిన ప్రతి బస్తా కంప్యూటర్లో మైనస్‌గా తేలుతుంది. ఈ ముక్క చెప్పగానే షావుకారు గారు గల్లాపెట్టె వైపు చూశారు, ఆడిటర్ గారు ఫ్యాను వైపు చూశారు. కాసేపటికి ఇద్దరూ నా వైపు తిరిగి, "ఆ మైనస్ గుర్తు కనపడకుండా చెయ్యొచ్చా?" అన్నారు. చెయ్యొచ్చు. సెట్టింగుల్లో ఒక్క టిక్కు. మా సాఫ్ట్‌వేర్లో జనానికి బాగా నచ్చిన సదుపాయం అదే.

అవతల డల్లాస్ నుంచి మెసేజీ: సంక్రాంతి ముందు మూడు రోజులూ సేల్స్ జీరో చూపిస్తోంది, ఎందుకు? కొట్టు నిండా జనం ఉంటే కంప్యూటర్ ముందు ఎవరు కూర్చుంటారు బాబూ? ప్లగ్గు పీకి, చీటీలు రాసి ఇనప ఊచకి గుచ్చుతారు, తీరిగ్గా ఎక్కిద్దామని. ఆ తీరిక ఉగాదికి కూడా రాదు. గ్రాఫు ప్రకారం పండగ రోజుల్లో వాళ్ల నాన్న ఈగలు తోలుకుంటున్నట్టే.

ప్రభుత్వం కూడా మా ఉద్యోగాలకి లోటు రానివ్వట్లేదు. 2022 జూలై 18 నుంచి లేబుల్ వేసి ప్యాక్ చేసిన బియ్యం 25 కిలోల దాకా అయితే 5 శాతం పన్ను, దాటితే లేదు. చట్టం చదివినవాళ్లెందరో తెలీదు గానీ అర్థం చేసుకున్నవాళ్లకి కొదవలేదు. చూస్తుండగానే 26 కిలోల బస్తా పుట్టింది. నేనేమో పన్ను పడే బీపీటీ బియ్యం, పన్ను పడని బీపీటీ బియ్యం అని రెండు ఐటమ్‌లు ఎక్కించాను. 2025 సెప్టెంబర్ 22న, నవరాత్రుల తొలిరోజున, సబ్బులూ షాంపూలూ టూత్‌పేస్టులూ 18 శాతం నుంచి 5కి దిగాయి, నెయ్యి 12 నుంచి 5కి దిగింది. టీవీల్లో పండగే పండగ. "తగ్గిందటగా, నీ కంప్యూటర్ ఇంకా పాత రేటే కొడుతోందేం?" అని పొద్దున్నే ఫోన్ చేసిన పెద్దమనిషే పది నిమిషాలాగి మళ్లీ చేశాడు. "అరల్లో పాత సబ్బులున్నాయి. అవి అయ్యేదాకా మార్చకు."

వీటన్నిటికంటే అంతుపట్టనిది మార్చి జబ్బు. జీఎస్టీ కాంపోజిషన్ స్కీములో ఉన్న వ్యాపారి 1 శాతం కట్టి ఊపిరి పీల్చుకోవచ్చు. అసలు షరతేమిటంటే, ఏడాది టర్నోవరు కోటిన్నర దాటకూడదు. కోటీ నలభై దాకా చకచకా నడిచిన కంప్యూటర్‌కి ఆ తర్వాత ఏటా వైరస్ తగులుతుంది. ఒక కొట్లో ఎలుక వైరు కొరికింది, ఇంకో కొట్లో గుమాస్తా టీ ఒలికింది. అన్నీ ఫిబ్రవరి ఆఖరు వారంలోనే.

కాబట్టి షావుకార్లందరికీ మా సర్వీసు విభాగం తరఫున మనవి: మార్చిలో మమ్మల్ని పిలవకండి. మేమొచ్చినా మీ కంప్యూటర్లు బాగుపడవు. ఏప్రిల్ 1 పొద్దుటికల్లా వాటంతటవే పనిచేస్తాయి.