రెండు సైలెన్సర్ల బండి ఆత్మకథ

యెజ్డీ 250 ఒకే సిలిండరు ఉన్న రెండు స్ట్రోకుల మోటారు సైకిలు. సిలిండరు ఒక్కటే అయినా సైలెన్సర్లు రెండు. ఇంజను సామర్థ్యం 248.5 సీసీ, గేర్లు నాలుగు, కరెంటు 6 వోల్టులు. ఇక్కడ తన కథ చెబుతున్నది 1979లో మైసూరులో తయారై, కృష్ణా జిల్లాలో తిరిగి, పదిహేడేళ్లు పశువుల కొట్టంలో నిలిచిపోయి, విజయవాడలో ఒక ఫిజిక్స్ లెక్చరరు చేతుల మీదుగా మళ్లీ రోడ్డెక్కిన బండి. సొంత కథే అయినా అందులో ఎక్కువ భాగం ఇతరుల చేతిపనే కాబట్టి, అది తనను "ఈ బండి" అనే చెప్పుకుంటుంది.

దీని వంశం చెకోస్లవేకియా దగ్గర మొదలవుతుంది. ఫ్రాంతిషెక్ యానెచెక్ అనే ఆయుధాల తయారీదారు 1929లో జర్మనీకి చెందిన వాండరర్ కంపెనీ నుంచి మోటారు సైకిళ్లు తయారుచేసే హక్కులు కొన్నాడు. రోమన్ లిపిలో రాసిన ఆ రెండు పేర్ల మొదటి రెండేసి అక్షరాలు కలిపితే జావా అయింది. రుస్తుం ఇరానీ, ఫరోఖ్ ఇరానీల ఐడియల్ జావా కంపెనీ 1961లో మైసూరులో ఆ బండ్ల తయారీ మొదలుపెట్టింది. 1973 నుంచి ట్యాంకు మీద జావా పోయి యెజ్డీ వచ్చింది. ఇరాన్‌లోని యజ్ద్ నగరం పేరు మీద పెట్టిన పేరది. 1996లో ఫ్యాక్టరీ మూతపడింది. 2018లో జావా, 2022లో యెజ్డీ పేర్లు కొత్త బండ్ల మీద తిరిగి వచ్చాయి గానీ వాటివి నాలుగు స్ట్రోకుల ఇంజన్లు. వాటి సామాను పాత బండికి సరిపోదు.

ఈ రకం బండిలో కొత్తవాళ్లను ముందుగా తికమక పెట్టేది ఎడమ పక్కనున్న లివరు. కిక్కు రాడ్డూ అదే, గేరు రాడ్డూ అదే. లోపలికి నొక్కి, వెనక్కి తిప్పి నిలబెడితే కిక్కు. స్టార్టయ్యాక ముందుకు వాల్చితే గేరు. కాలితో లివరు కదపగానే లోపలి ఏర్పాటు క్లచ్చిని తనంతట తానే విడదీస్తుంది. అందుకే బండి నడుస్తుండగా చేతి క్లచ్చి పట్టకుండానే గేర్లు మార్చవచ్చు. ఆడవాళ్లు పెద్ద బండికి కిక్కు కొట్టలేరని ఊళ్లలో ఒక నమ్మకం ఉంది. ఈ ఇంజను విషయంలో అది తప్పు. కాలి బలం కంటే పిస్టన్ ఎక్కడుందో తెలియడం ముఖ్యం. లివరును మెల్లగా నొక్కుతూ కాలికి ఎదురు తగిలేదాకా తెచ్చి, అక్కడి నుంచి ఒక్క ఊపులో దించితే చాలు.

ఇంజను లోపల వాల్వులు లేవు. పిస్టన్ పైకి వెళ్తూ తన కింద ఉన్న క్రాంకు గదిలోకి పెట్రోలు, గాలి మిశ్రమాన్ని పీలుస్తుంది, దిగుతూ దాన్ని సిలిండరులోకి నెడుతుంది. అంటే క్రాంకు గదికి ఎక్కడా గాలి చొరబడే సందు ఉండకూడదు. ఆ కాపలా క్రాంకుకు రెండు పక్కలా ఉండే ఆయిల్ సీళ్లది. బేరింగులకూ పిస్టనుకూ నూనె అందేది పెట్రోల్లో కలిపిన 2టీ ఆయిలు వల్లనే. మోతాదు లీటరుకు సుమారు 40 మిల్లీలీటర్లు. అది కలపడం మరిచి కొంత దూరం పోతే పిస్టన్ పట్టేస్తుంది.

ఈ బండి మొదటి యజమాని పామర్రు దగ్గర ఒక పశువుల ఆసుపత్రిలో కాంపౌండరు. గాలికుంటు టీకాల కాలంలో వెనక క్యారియరు మీద ఐసు డబ్బా కట్టుకుని కాలవగట్ల వెంట ఊరూరూ తిరిగేవాడు. ఆ డబ్బా అంచు ఏళ్ల తరబడి ఒరుసుకుని వెనక మడ్‌గార్డు మీద అరచేతి మందాన ఒక సొట్ట పడింది. చైను మొత్తం రేకు పెట్టెలో మూసి ఉండడం కృష్ణా డెల్టా బురదలో ఈ బండికి పెద్ద మేలు చేసింది. ముందు ట్యాంకు మీద కూర్చున్న ఆయన కూతురు హెడ్‌లైటు డూములో తాళం నొక్కే పని తనదని పేచీ పెట్టేది. ఈనాటి లెక్చరరు ఆమే.

2006లో కాంపౌండరు కాలం చేశాక బండిని కొట్టంలో గడ్డి పక్కన నిలబెట్టారు. నడవని బండి నడిచే బండి కంటే తొందరగా పాడవుతుంది. ట్యాంకులో మిగిలిన పెట్రోలు ఆవిరై జిగురుగా మారి కార్బరేటరు జెట్లను మూసేసింది. ఖాళీ అయిన చోట గాలిలోని తేమ చేరి తుప్పు పట్టింది. సీళ్ల రబ్బరు ఎండి బిరుసెక్కింది. పొగ బయటికి పోయే పోర్టు తెరుచుకుని ఉన్న స్థితిలో పిస్టన్ ఆగిపోవడంతో సైలెన్సరు గుండా చెమ్మ లోపలికి వచ్చి, ఇనప బ్లాకుకూ రింగులకూ మధ్య తుప్పు అతుకు వేసింది. కిక్కు లివరు రాయిలా బిగిసింది. పాత ఇనుము వాళ్లు రెండుసార్లు బేరం అడిగారు.

2023 వేసవి సెలవుల్లో కూతురు దీన్ని ట్రాలీ ఆటోలో విజయవాడ సింగ్ నగర్‌లోని తన ఇంటికి తెచ్చింది. మరమ్మతులో మొదట చేసిన పని పద్నాలుగు రోజులు ఏమీ చేయకపోవడం. ప్లగ్గు తీసి ఆ కన్నంలో డీజిలూ 2టీ ఆయిలూ కలిపి పోసి వదిలేశారు. ఆ సలహా ఒక రిటైర్డ్ లోకో పైలట్‌ది. విజయవాడలో జావా, యెజ్డీ బండ్లున్నవాళ్లు ఆదివారం పొద్దున్నే ఒక టీకొట్టు దగ్గర కలుస్తారు. వాళ్లలో పెద్దాయన ఆ లోకో పైలటే. మిగతావాళ్లు ఒక ప్రింటింగ్ ప్రెస్సు యజమాని, ఇంజనీరింగ్ చదివే ఇద్దరు కుర్రాళ్లు, ఆటోనగర్ లేత్ మేస్త్రి ఒకరు. లెక్చరరు మొదటిసారి వెళ్లినప్పుడు బండి ఫోటో చూపించి, అమ్మడానికి రాలేదని ముందే చెప్పింది. పెద్దాయన ఫోటో చూసి అడిగిన ప్రశ్న ఒక్కటే: "బలవంతంగా కిక్కు కొట్టారా అమ్మా?" లేదన్నాక, "అయితే బతుకుతుంది" అన్నాడు.

పదిహేనో రోజు కనెక్టింగ్ రాడ్డు వైపు నుంచి కొద్దికొద్దిగా ఊపితే పిస్టన్ కదిలింది. బ్లాకు లోపల గీతలు పడ్డాయి కాబట్టి సిలిండరును కాస్త పెద్దది చేసే రీబోర్ తప్పలేదు. కొత్తప్పుడు సిలిండరు వ్యాసం 65 మిల్లీమీటర్లు. అది గతంలోనే ఒకసారి అర మిల్లీమీటరు పెరిగి ఉండడంతో ఈసారి ముప్పావు మిల్లీమీటరు పెద్ద పిస్టన్ కావాలి. అంగళ్లలో దొరికిన రెండు రకాలూ నాసిగా ఉన్నాయని లేత్ మేస్త్రి పక్కన పెట్టేశాడు. సరైనది ప్రెస్సు యజమాని బీరువాలో దొరికింది. తన బండికని ముప్పై ఏళ్ల కిందట కొని దాచుకున్నది. డబ్బా మీద అచ్చయిన పాత ధరే తీసుకున్నాడు.

ఇంజను, గేర్‌బాక్సు ఒకే అల్యూమినియం పెట్టెలో ఉంటాయి. దాన్ని విప్పాలంటే ముందు క్లచ్చి ఊడాలి, దానికి క్లచ్ పుల్లరు అనే ప్రత్యేక పనిముట్టు కావాలి. ఈ బృందానికంతటికీ ఉన్నది ఒక్కటే. పెద్దాయన లేత్ మీద చేయించి స్టీలు టిఫిను గిన్నెలో పెట్టాడు. గిన్నెతో పాటు ఒక చిన్న నోటు పుస్తకం తిరుగుతుంది. ఎవరు, ఏ తేదీన, ఏ బండికి తీసుకున్నారో అందులో రాయాలి. పుల్లరు వాపసు ఇచ్చేవాళ్లు విప్పేటప్పుడు నేర్చుకున్నది కూడా ఒక వాక్యం రాస్తారు. పాత బండ్ల గురించి అచ్చయిన మాన్యువళ్లు ఉన్నాయి గానీ, ఏ బోల్టు ఎక్కడ మొండికేస్తుందో చెప్పేది ఆ పుస్తకమే.

బేరింగులు తీసిన సాయంత్రం ప్రత్యేకంగా చెప్పదగింది. సుత్తితో కొడితే అల్యూమినియం పగులుతుంది. వేడికి అల్యూమినియం ఉక్కు కంటే దాదాపు రెట్టింపు వ్యాకోచిస్తుందని లెక్చరరు ప్రతి ఏడాదీ బోర్డు మీద రాసే విషయమే. వంటింటి స్టవ్వు మీద దోసె పెనం పెట్టి, దానిపై క్రాంకు పెట్టెను బోర్లించింది. నీళ్ల చుక్క చిలకరిస్తే చుర్రుమని ఎగిరిపోయేంత వేడెక్కాక రెండు చేతులతో ఎత్తి చెక్క మీద మెల్లగా తాటించింది. బేరింగు తన బరువుకు తానే టక్కున జారి పడింది. కొత్త బేరింగులు ముందు రాత్రి నుంచే ఫ్రిజ్జు పైఅరలో పచ్చి బఠాణీల పక్కన ఉన్నాయి. మళ్లీ వేడి చేసిన పెట్టెలో పెడితే వేలితో నొక్కితేనే కూర్చున్నాయి. కుర్రాళ్లలో ఒకడు, "అక్కా, క్లాసులో కూడా ఇలా చెప్పి ఉంటే మాకు గుర్తుండేది" అన్నాడు. ఆ తర్వాతి నెల ఆమె పాత బేరింగునూ పెట్టె ముక్కనూ కాలేజీ ల్యాబుకు తీసుకెళ్లింది.

మిగతా పనులు వరుసగా జరిగిపోయాయి. క్రాంకుకు కొత్త రాడ్డు వేసి లేత్ మీద డయల్ గేజీతో సరిచూశారు. ట్యాంకులో పిడికెడు నట్లు, గొలుసు ముక్క వేసి ఊపి తుప్పు రాల్చారు. ఇప్పటి పెట్రోల్లో ఇథనాల్ 20 శాతం దాకా ఉంటుంది, అది తేమను పీలుస్తుంది, పాత రబ్బరును మెత్తబరుస్తుంది. అందుకని పెట్రోలు పైపులన్నీ మార్చి, ట్యాంకు నిండుగా ఉంచడం అలవాటు చేసుకున్నారు. ప్లగ్గులో నిప్పురవ్వ ఎప్పుడు పుట్టాలో నిర్ణయించే పాయింట్ల మధ్య ఎడం 0.4 మిల్లీమీటర్లు పెట్టి, అవి సరిగ్గా ఎప్పుడు విడిపోతున్నాయో చిన్న బల్బు వెలిగించి పట్టుకున్నారు.

రంగు విషయంలో బృందంలో మాటా మాటా వచ్చింది. షోరూములో ఉన్నట్టు చేయాలని కొందరు, ఉన్నది ఉన్నట్టు కాపాడాలని కొందరు. ట్యాంకు రంగు పూర్తిగా పోయింది కాబట్టి కొత్తగా మెరూన్ వేశారు. మడ్‌గార్డు సొట్ట మాత్రం తీయవద్దని లెక్చరరు పెయింటరుకు చెప్పింది. లోపలి తుప్పు గీకించి, సొట్ట మీదనే రంగు వేయించింది. ఈ బండి దృష్టిలో అది సరైన నిర్ణయం. ట్యాంకు మీద బంగారు గీతలు వేసినాయన పూర్వం సైన్ బోర్డులు రాసేవాడు. ఫ్లెక్సీలు వచ్చాక చేతిపని తగ్గి మనవళ్లతో కాలక్షేపం చేస్తున్నవాడిని ప్రెస్సు యజమాని వెతికి తెచ్చాడు. టేపు అంటించలేదు. చిటికెన వేలు ట్యాంకు అంచుకు ఆనించి, పొడుగు వెంట్రుకల బ్రష్షును రంగులో ముంచి, ఊపిరి బిగబట్టి ఒకే లాగుడులో గీత దించాడు. మలుపు దగ్గర మణికట్టు తిప్పలేదు, తానే రెండడుగులు పక్కకు నడిచాడు.

కాగితాల పని వేరు. తండ్రి పేరున ఉన్న ఆర్‌సీ వారసురాలి పేరుకు మారడానికి ఫారం 31, గడువు తీరిన రిజిస్ట్రేషన్ పునరుద్ధరణకు ఫారం 25. మోటారు సైకిలు రిజిస్ట్రేషన్ పదిహేనేళ్లు నడుస్తుంది, తరువాత అయిదేళ్లకోసారి తనిఖీతో పొడిగిస్తారు. 2021లో కేంద్రం తెచ్చిన వింటేజ్ నిబంధనలు యాభై ఏళ్లు దాటిన వాహనాలకే వర్తిస్తాయి. వాటికి వీఏ అక్షరాలతో వేరే నంబరు ఇస్తారు గానీ రోజువారీ తిరగనివ్వరు. ఈ బండికి ఇంకా ఆ వయసు రాలేదు. కాలేజీకి వెళ్లిరావడానికి అదే నయమైంది.

ఏటా జూలై రెండో ఆదివారం జావా, యెజ్డీ అభిమానులు దేశమంతటా తమ బండ్లను బయటికి తీస్తారు. 2024లో అది 14వ తేదీ. ఆ ఉదయం ఈ బండి మూడో కిక్కుకు స్టార్టయింది. కొత్త రింగులు కాబట్టి గంటకు 50 కిలోమీటర్లు దాటకుండా, ఆయిలు కాస్త ఎక్కువ కలుపుకుని, ప్రకాశం బ్యారేజీ మీదుగా ఉండవల్లి గుహల దాకా వెళ్లి వచ్చింది. ప్లగ్గు విప్పి చూస్తే కాల్చిన ఇటుక రంగులో ఉంది. మంట సరిగా మండుతోందనడానికి అదే గుర్తు.

ఆ ఏడాది సెప్టెంబరు 1న బుడమేరు వాగు పొంగి సింగ్ నగర్ నీట మునిగింది. ఇంటి వసారాలో ఉన్న ఈ బండి సీటు దాకా మురికినీళ్లలో రోజుల తరబడి ఉంది. నీళ్లు తీసిన రోజునే పెద్దాయన ఫోన్ చేశాడు: "అమ్మాయ్, కిక్కు కొట్టకు, ముందు ప్లగ్గు తియ్." నీళ్లు చేరిన ఇంజనును తిప్పితే రాడ్డు వంగే ప్రమాదం ఉంది. మొదటిసారి పద్నాలుగు నెలలు పట్టిన విప్పడం, బిగించడం ఈసారి రెండు రోజుల్లో అయిపోయింది. ప్రతి బోల్టుకూ గ్రీజు ఉంది, ప్రతి బోల్టూ ఆమె చేతికి తెలుసు. తరువాతి రెండు వారాలు ఆ వీధిలో మునిగిన స్కూటర్లూ బండ్లూ వరసగా ఆ వసారాకే వచ్చాయి. పెద్దాయన ప్లగ్గులు తీస్తే కుర్రాళ్లు ఆయిల్ మార్చారు, ఆమె కార్బరేటర్లు కడిగింది. పుల్లరు నోటు పుస్తకంలో ఆ రోజుల కింద ఆమె రాసిన వాక్యం: "బురద ఆరకముందే కడగాలి."

ఇంకా మిగిలిన పని స్పీడోమీటరు ఒక్కటే. అద్దం లోపల వరద నీటి మట్టం సన్నని గీతగా నిలిచింది, ముల్లు కదలడం లేదు. దానికి కావలసిన కేబులు మైసూరు నుంచి రావాలి.