గన్ను పద్యం: టీకా తాత్పర్యం

అవతారిక. 2016లో పాత మహబూబ్‌నగర్ నుంచి విడిపోయి నాగర్‌కర్నూల్ జిల్లాలో చేరిన బల్మూరు, అచ్చంపేట పక్కన నల్లమల అంచున ఉంటుంది. పత్తి చేలకూ వేరుశనగ చేలకూ అక్కడ ట్రాక్టరే దిక్కు. ట్రాక్టర్ ఉన్న చోట పంక్చర్ షాపు, పంక్చర్ షాపు ఉన్న చోట పట్టేసిన నట్టు ఉండి తీరుతాయన్నది పొగను చూసి నిప్పును ఊహించినంత తేలిక అనుమానం. అలాంటి నట్టుకు విరుగుడుగా మన మెకానిక్కుల చేతికి వచ్చిన బ్యాటరీ ఇంపాక్ట్ రెంచి, వ్యవహారంలో గన్ను, ఈ పద్యానికి వస్తువు. కవి అజ్ఞాతుడు. అంటే నేనే. మూలమూ వ్యాఖ్యా ఒకే చేతి మీద ఉంటే సందేహాలన్నీ ముందే సర్దుకుంటాయి.

తు‌ప్పు పట్టిన నట్టును దులిపి విప్పు
తీగ లేకయె మోగును తేరు చెంత
బిగువు చేతికే విడువుమా పెద్ద గన్ను
పంతమాడిన బోల్టుకు పట్టు దప్పు

ప్రతిపదార్థం. తుప్పు పట్టిన నట్టును = రెండు వానాకాలాలు బురద తిన్న చక్రపు నట్టును; దులిపి విప్పు = దెబ్బ మీద దెబ్బ వేసి ఊడదీయును; తీగ లేకయె = కరెంటు వైరు గాని గాలి పైపు గాని లేకుండానే; తేరు చెంత = జాకీ మీదికెత్తిన బండి దగ్గర; మోగును = వీధి చివరిదాకా వినబడును; బిగువు చేతికే విడువుమా = బిగించే పని మనిషి చేతికి అప్పగించు; పెద్ద గన్ను = పైన చెప్పిన యంత్రము; పంతమాడిన = నేనే బిగిస్తానని మొండికేసినచో; బోల్టుకు పట్టు దప్పు = మరలు చెడును.

తాత్పర్యం. విప్పేటప్పుడు గన్ను, బిగించేటప్పుడు పానా.

తాత్పర్యం ఒక్క వాక్యంలో తేలిపోయింది కాబట్టి వ్యాఖ్యానం పెరగక తప్పదు. మెదక్ జిల్లా కొల్చారం వాడని చెప్పే మల్లినాథ సూరి, మూలంలో లేనిది రాయననీ అక్కర్లేనిది చెప్పననీ ఒట్టు పెట్టుకున్నాడు. ఆయన కాళిదాసుకు వ్యాఖ్య రాశాడు, చెల్లింది. గన్నుకు రాసేవాడికి ఆ నిష్ఠ కుదరదు.

"దులిపి" అనడంలో ఔచిత్యం చూడాలి. "తిప్పి" అనలేదు. పానా తిప్పుతుంది. నట్టు కదలకపోతే పానాకు ఇనుప పైపు తొడిగి, దాని మీదికెక్కి తొక్కుతారు. అప్పుడు నట్టు ఊడుతుంది, లేదా మనిషి పడతాడు. గన్ను పద్ధతి వేరు. లోపల మోటారు ఒక సుత్తిని తిప్పుతుంది. నట్టు మొరాయించగానే సుత్తి స్ప్రింగును నొక్కుకుంటూ వెనక్కి జరిగి, ఒక్కసారిగా వదులుకుని ముందున్న దాగలి మీద పక్క నుంచి కొడుతుంది. నిమిషానికి ఇలాంటి దెబ్బలు వేలల్లో పడతాయి. దెబ్బలు పొట్టివి కావడం వల్ల వాటి బలమంతా నట్టుకే పోతుంది, పట్టుకున్నవాడి మణికట్టు మెలిపడదు. తుప్పు పొర చిట్లేది కూడా ఈ అదురుకే.

"తీగ లేకయె మోగును" అన్నది శ్లేష. తీగలు లేని వీణ అని ఒక అర్థం, వైరు లేని యంత్రం అని రెండోది. మొదటి అర్థాన్ని పక్కింటివాళ్ళు ఒప్పుకోరు. రెండో అర్థంలోనే అసలు విషయం ఉంది. లారీ టైర్ల షాపుల్లో గాలి గన్ను ఎన్నాళ్ళ నుంచో ఉంది. దానికి కంప్రెసర్ కావాలి, పైపు కావాలి, పైపు అందేంత దూరంలోనే బండి ఆగిపోవాలి. చేలో రోటవేటర్ బ్లేడ్లు అరిగిపోతే గాలి గన్ను ఏం చేస్తుంది? ఆరడుగుల రోటవేటర్‌కు నలభైకి పైగా బ్లేడ్లు, ఒక్కోదానికి రెండేసి బోల్టులు. మన్ను పట్టి బిగుసుకున్న ఆ బోల్టులన్నీ చేత్తో విప్పినవాడిని అడిగితే, ఈ పాదాన్ని నాకంటే బాగా వ్యాఖ్యానిస్తాడు.

ఇక పాఠాంతరాలు. బ్యాటరీ మీద 18 వోల్టులని ఒక ప్రతి, 20 అని మరొక ప్రతి, 21 అని ఇంకో ప్రతి. ఏది గ్రాహ్యం? మూడూ. లోపల వరుసగా ఐదు లిథియం సెల్లులుంటాయి. ఒక్కోటి మామూలుగా 3.6 వోల్టులు, నిండా ఛార్జయితే 4.2. ఐదుతో హెచ్చించుకుంటే మొదటిది 18, రెండోది 21. మధ్యలోది బేరానికి అనువైన గుండు సంఖ్య. ఇది కాక కొన్ని చవక డబ్బాల మీద 88 అనీ 128 అనీ, వెనక ఒకటో రెండో ఇంగ్లీషు అక్షరాలతో కనిపిస్తాయి. విప్పి చూస్తే లోపల ఎప్పటిలా అవే ఐదు సెల్లుల వరుస కనిపించడం పరిపాటి. కాబట్టి ఆ సంఖ్యలు ప్రక్షిప్తాలు, తరవాతి లేఖకులు చొప్పించినవి.

మూడో పాదం దగ్గర పూర్వపక్షం లేస్తుంది. "గన్నుతోనే బిగిస్తే ఏమైతది పటేలా? ఇంకింత గట్టిగుంటది గదా!" ఇలా అనేవారు చాలామంది ఉన్నారు. వినడానికి సబబుగానే ఉంటుంది.

సమాధానం లెక్కతో చెప్పాలి. చిన్న కారు చక్రపు నట్టుకు కంపెనీలు చెప్పే బిగువు సాధారణంగా 85 నుంచి 130 న్యూటన్ మీటర్ల మధ్య ఉంటుంది. గన్ను డబ్బా మీద రాసేది 350, 600, ఒక్కోసారి 1000. పైగా ఆ పెద్ద సంఖ్య చాలా వాటికి విప్పే బలానిది. ట్రిగ్గరు మీద వేలు ఒక్క క్షణం ఎక్కువ నిలిస్తే బిగువు హద్దు దాటుతుంది, బోల్టు సాగుతుంది. సాగిన బోల్టు చూడడానికి బాగానే ఉంటుంది, మరల్లో పట్టు మాత్రం ఉండదు. "పట్టు దప్పు" అనడంలో కవి చమత్కారం అదే. మరి చెయ్యి? అడుగు పొడవు పానా చివర నలభై కిలోల బరువు వేస్తే దాదాపు 120 న్యూటన్ మీటర్లు. అంటే మామూలు మనిషి మామూలుగా నొక్కితే కావలసిన బిగువు దగ్గరికే వస్తుంది. టార్క్ రెంచి ఉన్నవాడు దానితో సరిచూసుకుంటాడు. లేనివాడు నట్లను ముందు వేళ్ళతో ఎక్కించి, ఎదురెదురు వరసలో పానాతో బిగించి, బండి కిందికి దిగాక ఇంకోసారి చూసుకుంటే చాలు. పైపు మాత్రం తొడగకూడదు.

అసలు ఆపద ఇంకొకటి ఉంది, నా అభిప్రాయంలో పద్యం దాని కోసమే పుట్టింది. గన్నుతో బిగించిన నట్టు బండితో పాటు శ్రీశైలం రోడ్డెక్కుతుంది. మన్ననూరు చెక్‌పోస్టు దాటాక అంతా పులుల అభయారణ్యం. రాత్రి తొమ్మిది నుంచి పొద్దున ఆరు దాకా బండ్లను వదలరు. ఆ లోపల, పొద్దు గూకే వేళ, టైరు పంక్చరవుతుంది. డిక్కీలో స్టెప్నీ ఉంటుంది, జాకీ ఉంటుంది, కారుతో వచ్చిన జానెడు పానా ఉంటుంది. ఆ పానాకు ఆ నట్టు కదలదు. దాన్ని బిగించిన గన్ను ఊళ్ళో షాపులో ఛార్జింగుకు పెట్టి ఉంటుంది.

సాకెట్ల గురించి క్లుప్తంగా. తళతళలాడే క్రోమ్ సాకెట్టు చేతి పానాకు చేసింది. గన్నుకు తొడిగితే దెబ్బలకు పగిలి ముక్క ఎగరవచ్చు. నల్లటి ఇంపాక్ట్ సాకెట్టే వాడాలి. కంటికి అద్దాలూ ఉండాలి. ఒక అపవాదసూత్రం కూడా గుర్తుంచుకోవాలి: కొన్ని పాత లారీలకు ఎడమ పక్క చక్రాల నట్లు ఎడమ మరవి. గన్ను మీటను అలవాటుగా వేసి విప్పబోతే అవి ఇంకా బిగుసుకుంటాయి.

ఛందస్సు తేటగీతి. మూడో పాదంలో "పెద్ద గన్ను"కు బదులు "చిన్న గన్ను" అని చదివేవారున్నారు, స్క్రూలు తిప్పే చిన్న డ్రైవరుకు సాకెట్టు తగిలించి పని కానిచ్చేవారి పాఠం అది. అది గ్రాహ్యం కాదు. యతి చెడుతుంది, ట్రాక్టర్ వెనక చక్రం నట్టూ ఊడదు.