బాబాయి పర్సులో సగం బ్లేడు

మా బాబాయిని ఒకసారి మొక్క పేరు అడిగినవాళ్లు రెండోసారి అడగరు. "ఇదేం మొక్క బాబాయ్?" అని ఫోటో పంపితే జవాబు రాదు, ప్రశ్నలొస్తాయి. ఆకులు ఎదురెదురుగా ఉన్నాయా, ఒకటి విడిచి ఒకటా? తుంచితే పాలు కారాయా? కాడ మొదట్లో పత్రపుచ్ఛాలున్నాయా? ఆకు వెనక్కి తిప్పి ఇంకో ఫోటో తియ్యి. పువ్వుని పక్కనుంచి తియ్యి. ఇవన్నీ పంపి, ఆ మొక్క మీద మనకున్న ముచ్చట కాస్తా చచ్చిపోయాక, రాత్రి పదకొండింటికి ఒక్క మాట వస్తుంది: "అపోసైనేసి."

అంటే గన్నేరు కుటుంబం. మరి పేరో? "ఇంటిపేరు చెప్పాను కదే, అసలు పేరు నువ్వు కనుక్కో."

జన్మంతా బైపీసీ పిల్లలకి బోటనీ చెప్పి రిటైరయ్యారు. చొక్కా జేబులో పది రెట్ల భూతద్దం, పర్సులో కాగితం చుట్టిన సగం బ్లేడు లేకుండా గడప దాటరు. భూతద్దం వల్ల ఎవరికీ నష్టం లేదు. బ్లేడుతోనే చిక్కు. అండాశయాన్ని అడ్డంగా కోస్తే తప్ప లోపల గదులెన్నో తెలియవట. ఆయన వచ్చి వెళ్లాక పెరట్లో పూలు లెక్కపెట్టుకోవాలి.

ఇంత చేసి, పెళ్లిళ్లలో మనుషుల్ని గుర్తుపట్టరు. కాళ్లకి దణ్ణం పెట్టిన కుర్రాడు సొంత మేనల్లుడి కొడుకని పిన్ని చెవిలో చెప్పాలి. ఆలోగా ఆయన వాడి మెడలోని బంతిపూల దండ పట్టుకుని, ఒక్కో బంతిపువ్వూ ఒక పువ్వు కాదనీ, బోలెడు చిన్న పూల గుంపనీ వివరిస్తూంటారు.

భోజనానికి పిలిస్తే వంకాయ, టమాటా, బంగాళాదుంప కలిపి వండకూడదు. "ఒకే కుటుంబాన్ని ఒకే మూకుట్లో వేయించేశావు కదే, పచ్చిమిరపకాయతో సహా!" అని బాధపడతారు. గుత్తివంకాయ తోక పట్టుకుని పైకెత్తి, దాని నెత్తిమీద టోపీ చూపిస్తారు. "ఇవి రక్షకపత్రాలు. పూరేకులు రాలిపోయినా ఇవి కాయని వదలవు. సొలనేసి లక్షణం."

"నేనూ నలభై ఏళ్లుగా వదలకుండానే ఉన్నాను, నన్నెప్పుడైనా భూతద్దం పెట్టి చూశారా?" అంటుంది పిన్ని, పులుసు వడ్డిస్తూ.

వినాయక చవితి మాకు ఏటా పరీక్షే. ఇరవయ్యొక్క పత్రి తెచ్చి పళ్లెంలో పెడితే బాబాయి దాన్ని కుప్పలు వేస్తారు. తులసి, మరువం, వావిలి ఒక కుప్ప. ములక, ఉమ్మెత్త ఒక కుప్ప, అంటే మళ్లీ వంకాయ చుట్టాలు. గన్నేరు, జిల్లేడు ఇంకో కుప్ప. నాన్న పుస్తకం చూసి ఒక్కో ఆకూ వేస్తూంటే పక్కనుంచి ఇంటిపేరు అందిస్తారు. బజారు కట్టలో మారేడని ఇచ్చినదాన్ని దీపానికి అడ్డంగా పట్టి, "చుక్కలేవీ? మారేడుది నిమ్మ కుటుంబం, వెలుగుకి పెడితే నూనె చుక్కలు కనబడాలి" అని తీసి పక్కన పడేస్తారు. కరివేపాకుదీ అదే కుటుంబమట. పేరులో వేప ఉందని వేపచెట్టుతో చుట్టరికం కలిపేయకూడదట. ఈలోగా ఉండ్రాళ్లు రాళ్లవుతాయి.

ఆ జిల్లేడు గన్నేరు కుప్పలోకి రావడం వెనక ఒక కథ ఉంది. ఆయన చదివిందీ చెప్పిందీ 1862-83 మధ్య బెంథామ్, హుకర్ అచ్చువేసిన పద్ధతి. అందులో జిల్లేడుది వేరు కాపురం. 1998లో ఏపీజీ అనే బృందం డీఎన్‌ఏ లెక్కలు చూసి దాన్ని గన్నేరు కుటుంబంలో కలిపేసింది. కొత్త లెక్కలో టేకు కూడా తులసి కుటుంబంలోకి వెళ్లింది. పీజీ చదివే మా తమ్ముడు ఈ వార్త చెప్పిన రాత్రి బాబాయి మజ్జిగ తాగి పడుకున్నారు. "ఆకూ పువ్వూ చూసి చెప్పాలి గానీ ఈ రక్తపరీక్షలేమిట్రా!" వారం తిరక్కుండా ఎక్కణ్ణుంచో టేకు లేతకొమ్మ తెచ్చి వాడి ముందు పెట్టారు. "చూడు, కొమ్మ నలుపలకలుగా ఉంది. ఆకులు ఎదురెదురు. తులసి చుట్టమే. ఇన్నేళ్లూ నాకే తట్టలేదు." అప్పుడాయన మొహం చూసి తీరాలి. అచ్చం తప్పిపోయిన చుట్టం దొరికినట్టుంది.

కానీ బ్రహ్మకమలం సంగతి నేను క్షమించలేదు.

మా అత్తగారి కుండీలో మూడేళ్లకి మొగ్గ తొడిగింది. విచ్చుకునే రాత్రి అపార్ట్‌మెంటు ఆడవాళ్లందర్నీ పిలిచి, పసుపు కుంకుమ పెట్టి, కర్పూరం వెలిగించారావిడ. ఖర్మకాలి ఆ రోజే బాబాయి మా ఇంట్లో ఉన్నారు. "అక్కయ్యగారూ, ఇది బ్రహ్మకమలం కాదండీ. జెముడు కుటుంబం. అమెరికా ఖండం నుంచి వచ్చింది. మీరు ఆకులనుకునేవి ఆకులే కావు, కాండం. అసలు బ్రహ్మకమలం హిమాలయాల్లో ఉంటుంది." కాస్త ఆగి, పోనీలే అన్నట్టు, "అదీ కమలం కాదనుకోండి. మన బంతిపువ్వు చుట్టం."

హారతి పళ్లెం గాల్లోనే ఆగింది. ఆయన చెయ్యి పర్సు వైపు వెళ్లడం నేను చూశాను. "పొద్దున్నకి ఎలాగూ వాడిపోయేదే కదా..." అని గొణుగుతూంటే చెయ్యి పట్టి లోపలికి లాక్కెళ్లాను. మా అత్తగారు ఆ రాత్రి ఒక్క మాట అనలేదు. ఇప్పటికీ పుట్టింటి నుంచి ఫోనొస్తే మాత్రం, "జెముడు కుటుంబం వాళ్లేనా?" అని అడుగుతారు.

మొన్న రైతుబజార్లో కరివేపాకు రెబ్బ తీసి ఎండకి పట్టి చూస్తున్నాను. అమ్మేవిడ నన్ను ఎగాదిగా చూసి, "దొంగనోటేం కాదమ్మా, కరివేపాకే. కట్ట పది" అంది. చుక్కలున్నాయి. చిల్లర కోసం పర్సులో చెయ్యి పెడితే, కాగితం చుట్ట ఊడిపోయి ఉన్నట్టుంది, వేలు తెగింది.