నేను కోఠీ రెసిడెన్సీని

మూసీకి ఉత్తరాన, కోఠీ బజారు రొద మధ్య నిలబడి ఉన్నాను. ముందు విశాలమైన మెట్లు, వాటికి అటూ ఇటూ సింహాలు, పైన ఎత్తయిన స్తంభాలు. నన్ను చూసినవాళ్లు ముందు నా వైభవాన్ని మెచ్చుకుంటారు. నాకు మాత్రం నన్ను తలపెట్టినవాడి గురించి చెప్పాలనిపిస్తుంది.

ఆయన జేమ్స్ ఎకిలీస్ కిర్క్‌పాట్రిక్. 1764లో మద్రాసులో పుట్టాడు. 1798లో నిజాం దర్బారులో ఈస్టిండియా కంపెనీ రెసిడెంటు, అంటే ప్రతినిధి, అయ్యాడు. ఆ అక్టోబరులోనే నిజాం కొలువులోని ఫ్రెంచి పటాలాన్ని నెత్తురు చిందకుండా రద్దు చేయించాడు. కంపెనీకి అది పెద్ద గెలుపు. ఆయన ఫారసీలో మాట్లాడేవాడు, హైదరాబాదీ దుస్తులు వేసుకునేవాడు. నిజాం అలీఖాన్ ఆయనకు హష్మత్ జంగ్ అని బిరుదిచ్చాడు.

నా స్థలం గురించి ఒక కథ చెబుతారు. కిర్క్‌పాట్రిక్ పెద్ద కాగితం మీద పటం గీయించి చూపితే నిజాం ఒప్పుకోలేదట. తన రాజ్యం పటమే అంత ఉంటే, ఈ స్థలం ఇంకెంతో అనుకున్నాడట. అదే పటాన్ని చిన్న చీటీ మీద గీసి తెస్తే నవ్వుతూ ఇచ్చేశాడట. మద్రాసు ఇంజనీరు శామ్యూల్ రసెల్ నన్ను కట్టాడు. ఖర్చు నిజాం భరించాడు.

హైదరాబాదు యువతి ఖైరున్నిసాను పెళ్లాడినందుకు గవర్నర్ జనరల్ వెల్లెస్లీ కిర్క్‌పాట్రిక్‌పై విచారణ పెట్టించాడు. ఉద్యోగం నిలిచింది, సంసారం నిలవలేదు. 1805లో వాళ్ల పిల్లలిద్దరినీ ఇంగ్లండుకు ఓడెక్కించారు. ఆ ఏడాది అక్టోబరులోనే కలకత్తాలో ఆయన కన్నుమూశాడు. ఆ తల్లి మళ్లీ తన బిడ్డలను చూడలేదు. నా ఆవరణలో ఆమె ఉన్న రంగమహల్‌ను తర్వాతివాళ్లు కూల్చేశారు.

ఆయన తర్వాత నాలో కొలువుదీరినవాళ్లకు అధికారమే ముఖ్యమైంది. 1857 తిరుగుబాటు కాలంలో, జులై 17న తుర్రెబాజ్ ఖాన్, మౌల్వీ అలావుద్దీన్ తమ మనుషులతో నా మీదికి వచ్చారు. పరాయి పెత్తనానికి గుర్తుగా నన్ను చూసినవాళ్ల కోపం న్యాయమైనదే.

ఆ పెత్తనం పోయాక, 1949లో ఆడపిల్లల కాలేజీ నాలోకి వచ్చింది. పరదా చాటున ఒక తల్లి బతికిన ఈ ఆవరణలో అమ్మాయిలు గొంతెత్తి పాఠాలు చదివారు. నా జీవితంలో అంతకన్నా గర్వపడిన కాలం లేదు. కానీ నన్ను వాడుకున్నవాళ్లు నా ఒంటిని పట్టించుకోలేదు. పైకప్పులో నీరు ఇంకింది. సున్నం పెచ్చులుగా రాలింది. గోడ సందుల్లో మొలిచిన మొక్కలు వేళ్లు దించి రాళ్లను విడదీశాయి. దర్బారు హాలుకు తాళం పడింది. ప్రమాదం, లోపలికి రావద్దు అన్నారే గానీ, ఏళ్ల తరబడి మరమ్మతు మాటెత్తినవాళ్లు తక్కువ. 2002లో వరల్డ్ మాన్యుమెంట్స్ ఫండ్ ముప్పులో ఉన్న కట్టడాల జాబితాలో నన్ను చేర్చింది. ఆ తర్వాతే చేతులు కదిలాయి, నా స్తంభాలు తెల్లబడ్డాయి.

ఇప్పుడు నన్ను చూడటానికి వస్తున్నారు. వచ్చేవాళ్లకు కిర్క్‌పాట్రిక్ పేరుతో పాటు ఖైరున్నిసా పేరూ, తుర్రెబాజ్ ఖాన్ పేరూ చెప్పండి. వానలకు ముందే నా డాబా తూములు శుభ్రం చేయించండి. గోడలో మొలిచిన మొక్కను వేరు దిగకముందే పీకేయండి. ఏటా చేసే ఈ చిన్న పని ఆగిపోతే, ఎంత గొప్ప మరమ్మతయినా నన్ను ఎక్కువ కాలం నిలబెట్టలేదు.